అరకు ఫోటోతో మొదటి పేస్టల్ బొమ్మ: ఎలా వేయాలి?

నవంబరు నెలాఖర్లో అరకు వెళ్ళొచ్చిన చాలామంది ఫోన్లలో ఈ ఫోటో ఒకటి ఉంటుంది. ముందు విరగబూసిన వలిసె చేను. దాని అంచున సన్నగా, నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు. ఆ వెనక ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగి చూస్తున్నట్టు మూడు వరసల కొండలు. పైన, పొగమంచు ఇంకా పూర్తిగా విడవని ఆకాశం. ఇంటికొచ్చి చూసుకుంటే ఫోటోలో అన్నీ ఉంటాయి గానీ, ఆ పొద్దున కంటికి కనబడిన వెలుగు ఉండదు. దాన్ని కాగితం మీదికి తిరిగి తెచ్చుకోవడానికి నాకు తెలిసినంతలో సాఫ్ట్ పేస్టల్ కంటే దగ్గరి దారి లేదు. బ్రష్షు అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు, ఆరేదాకా ఆగే పని లేదు. రంగు పొడిని కొద్దిపాటి జిగురుతో ముద్ద చేసి, స్టిక్కులుగా చుట్టి ఆరబెట్టినవే పేస్టల్స్. కాగితం మీద రుద్దితే పడేది దాదాపు అచ్చమైన రంగే.

1901 జనవరిలో ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే లండన్ చేరేసరికి అతని కాన్వాసులు ఇంకా రాలేదు. అవి వచ్చేదాకా పేస్టల్స్ తీసి థేమ్స్ నది మీది వంతెనల్ని, వాటిని కమ్మిన పొగమంచుని వేస్తూ కూర్చున్నాడు. పొగమంచుకీ పేస్టల్‌కీ అంత పొత్తు కుదురుతుంది. అందుకే మొదటి బొమ్మకి అరకు ఫోటోనే తీసుకుందాం. మీ ఫోన్లో లంబసింగి ఉన్నా, పాపికొండలున్నా ఇదే వరస పనికొస్తుంది.

సామాను

షాపులో ‘పేస్టల్స్’ అని మాత్రమే అడిగితే ఆయిల్ పేస్టల్స్ చేతిలో పెడతారు. బడిపిల్లలు వాడేవి అవే. 1925లో జపాన్ కంపెనీ సకురా తెచ్చిన ఆ రకంలో నూనె, మైనం ఉంటాయి. వాటి పద్ధతి వేరు. మీరు ‘సాఫ్ట్ పేస్టల్స్’ అని నొక్కి అడగండి, కొందరు ‘డ్రై పేస్టల్స్’ అంటారు. వేలితో తాకితే పొడి అంటుకోవాలి. అదే గుర్తు.

కొరియా కంపెనీ మున్‌గ్యోవి మన ఊళ్ళలో తేలిగ్గానే దొరుకుతాయి. 48 సగం స్టిక్కుల పెట్టె మొదటి ఏడాదికి సరిపోతుంది. అయితే చవక పెట్టెల్లో మధ్యస్థంగా, గాఢంగా ఉండే రంగులే ఎక్కువ. బాగా ముదురువీ, బాగా లేతవీ తక్కువ. ప్రకృతి దృశ్యానికి కావలసినవి సరిగ్గా ఆ రెండు చివరలే. కాబట్టి విడిగా దొరికే చోట ఇంకో ఆరు స్టిక్కులు కొనండి: దాదాపు నలుపులా ఉండే నీలం, అలాంటిదే ఆకుపచ్చ, వంకాయ రంగు, మీగడ రంగు, చాలా లేత నీలం, చాలా లేత గులాబీ. డబ్బు పొదుపు చేయాలంటే పెట్టె చిన్నది కొనండి గానీ ఈ ఆరింటినీ మానకండి.

కాగితం గరుకుగా ఉండాలి. పొడి నిలబడేది ఆ గరుకులోనే. నున్నటి డ్రాయింగ్ షీటు మీద రెండో పూతకే రంగు జారిపోతుంది. ఫ్రాన్స్ కంపెనీ కాన్సన్ వాళ్ళ మీ-తాంత్ కాగితం మొదలుపెట్టడానికి చాలు. ఒకవైపు తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది, రెండోవైపు సన్నటి గరుకు. రెండోవైపు వాడండి, లేకపోతే ఆకాశమంతా గళ్ళు గళ్ళుగా కనబడుతుంది. తెలుపు వద్దు. బూడిద రంగో ఇసుక రంగో తీసుకుంటే, రంగు పడని చోట కాగితం కూడా బొమ్మలో కలిసిపోతుంది. ఇంతకంటే మెరుగైనవి ఉప్పుకాగితంలా సన్నటి రాతిపొడి పూసిన పేస్టల్ కాగితాలు. అవి ఎన్ని పూతలైనా పట్టుకుంటాయి, ఖరీదూ ఎక్కువే. నాలుగైదు బొమ్మలు వేశాక కొనుక్కోవచ్చు.

మిగతావి ఇంట్లో ఉండేవే: అట్ట లేదా ప్లైవుడ్ పలక, మాస్కింగ్ టేప్, పార్సిల్‌లో వచ్చిన ఫోమ్ ముక్క, బిరుసు కుచ్చుతో పాత బ్రష్షు, తడి గుడ్డ. పలకని బల్ల మీద పరవకండి. కుర్చీ వీపుకి ఆనించి నిలబెట్టండి, పైభాగం కొద్దిగా మీ వైపు వాలితే ఇంకా మంచిది. రాలిన పొడి బొమ్మ మీద నిలవకుండా కింద పడుతుంది. అక్కడ పాత పేపరు మడిచి దోనెలా పెట్టండి.

ఆ పొడి సంగతి ఇప్పుడే చెప్పాలి. ఫ్యాను ఆపేయండి. పొడిని నోటితో ఊదకండి, పలకని వెనక నుంచి తట్టండి. మాస్క్ పెట్టుకోండి. పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవండి. కొన్ని ఖరీదైన స్టిక్కుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటి లోహాల రంగులుంటాయి, పెట్టె మీద చదివి కొనండి. వంటగదిలో, పసిపిల్లల దగ్గర ఈ పని పెట్టుకోవద్దు.

ఏ ఫోటో?

గ్యాలరీ తెరిచి, ఫోటోలన్నీ గోరంత గోరంతగా కనబడేటప్పుడు చూడండి. అంత చిన్నగా ఉన్నా ‘ఇది చేను, ఇవి చెట్లు, ఇవి కొండలు’ అని తెలిసిపోతున్న ఫోటో బొమ్మకి పనికొస్తుంది. పెద్దది చేస్తే తప్ప ఏముందో తెలియని ఫోటో ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. రెండో పరీక్ష నీడలు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తీసినవాటిలో వెలుగు పక్కనుంచి పడుతుంది కాబట్టి చెట్టుకి ఒకవైపు ఎండ, ఒకవైపు నీడ స్పష్టంగా ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఫోటోలో ఆ తేడా ఉండదు, మొదటి బొమ్మకి అది కష్టం.

మీ సొంత ఫోటోనే వాడండి. ఇంటర్నెట్లో కనబడినదాన్ని చూసి వేసి ప్రదర్శనకి పెడితే చట్టం అడ్డొస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఫోటో మీద హక్కు తీసినవాళ్ళు బతికున్నంతకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. అక్కడ మీరు నిలబడి ఉంటే చలి ఎంతుందో, మంచు ఎటు కదిలిందో మీకు గుర్తుంటుంది. ఫోటోలో లేనిది పూరించేది ఆ గుర్తే.

ఈసారి వెళ్ళినప్పుడు ఒకే చోట నిలబడి మూడు ఫోటోలు తీయండి. ఒకటి తెర మీద ఆకాశాన్ని వేలితో తాకి, రెండోది చేనుని తాకి, మూడోది కొండల్ని రెండింతలు దగ్గరకి లాగి. తర్వాత ఫోన్లోనే నాలుగు మాటలు రాసుకోండి: వేళ, ఎండ ఎటునుంచి, నీడ ఏ రంగులో ఉంది, గాలి. మోనేకి ఆరుబయట బొమ్మ వేయడం నేర్పిన యూజెన్ బుదాఁ తన ఆకాశాల పేస్టల్ స్టడీల మీద తేదీ, వేళ, గాలి దిక్కు రాసుకునేవాడు. 1859లో వాటి గురించి రాసిన కవి బోద్‌లేర్, ఆ రాతని చేత్తో మూసినా బొమ్మని బట్టి కాలాన్నీ, వేళనీ, గాలినీ చెప్పేయొచ్చని మెచ్చుకున్నాడు. ఫోన్లో ఆ నాలుగు మాటలు రాయడానికి అర నిమిషం పట్టదు, మూడు నెలల తర్వాత బొమ్మ వేసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఫోటో ఎక్కడ తప్పు చెబుతుంది

ఫోటో చూసి వేసేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త తీరిగ్గా చెప్తాను.

మొదటిది నీడ. కెమెరా ఒకేసారి ఎండనీ నీడనీ కన్ను చూసినట్టు చూడలేదు. ఎండ సరిగ్గా పడేలా సర్దుకుంటే నీడలు నల్లబడిపోతాయి. మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది, ఆదివారాలు నా పక్కన కూర్చుని బొమ్మలు వేస్తుంది. చెట్ల కింద నల్ల స్టిక్ పెట్టి గట్టిగా రుద్దుతుంటే ఆపమన్నాను. “పిన్నీ, ఫోటోలో నల్లగానే ఉంది కదా” అంది. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి ఎదురుగా ఉన్న వేపచెట్టు చూపించాను. “కాసేపు నీడలోకే చూడు. నలుపెక్కడుందో చెప్పు.” కొంచెంసేపు చూసింది. “ఆకుల్లో ముదురు పచ్చ ఉంది... నేల మీద మాత్రం ఊదాలా ఉంది పిన్నీ.” అంతే సంగతి. ఎండ పడని చోట కూడా ఆకాశపు నీలం పడుతుంది, పక్కనున్న నేల ఎరుపు తిరిగి తగులుతుంది. అందువల్ల పెట్టెలోంచి నల్ల స్టిక్‌ని తీసి విడిగా దాచేయండి. దాని బదులు ముదురు నీలం, వంకాయ రంగు, ముదురు ఆకుపచ్చ ఒకదాని మీద ఒకటి వేయండి. నలుపంత లోతూ వస్తుంది, నీడ ఊపిరి పీల్చుకుంటున్నట్టూ ఉంటుంది.

రెండోది ఆకాశం. నేల సరిగ్గా పడిన ఫోటోలో ఆకాశం తెల్ల కాగితంలా పాలిపోతుంది. నిజానికి కొండల దగ్గర మీగడ రంగుతో మొదలై, పైకి పోయేకొద్దీ నీలం చిక్కబడుతుంది. ఆకాశాన్ని తాకి తీసిన మొదటి ఫోటో ఇందుకే.

మూడోది దూరం. ఫోన్ మామూలు లెన్సు ఎక్కువ వెడల్పుని పట్టుకుంటుంది, ఆ వెడల్పులో కొండలు చిన్నవైపోతాయి. అక్కడ నిలబడినప్పుడు మనసంతా కొండల మీదే ఉంటుంది కాబట్టి అవి మనకి పెద్దగా అనిపిస్తాయి. ఫోటోలో చూస్తే ‘ఇంతేనా’ అనిపించడానికి కారణం ఇదే. బొమ్మలో కొండల ఎత్తుని పావు వంతు పెంచండి. అది మోసం కాదు, అక్కడ మీకు కనబడినదాన్ని మళ్ళీ దాని చోట పెట్టడం.

అగ్గిపెట్టెంత బొమ్మలు

కాగితం 12 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తుకి కత్తిరించండి. ఫోన్ ఫోటో మామూలుగా 4:3 లో ఉంటుంది కాబట్టి రెండింటి కొలతలూ కలుస్తాయి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, ఎ4 కాగితం మీద 4:3 ఫోటోని ఇరికించబోయి కొండల్ని సాగదీసిన బొమ్మలు నేను చాలా చూశాను.

ఇప్పుడు ఫోటోని నలుపు తెలుపులోకి మార్చి, కళ్ళు సగం మూసి చూడండి. వివరాలు పోయి నాలుగు ముద్దలు మిగులుతాయి. పాత నోటుపుస్తకంలో అగ్గిపెట్టెంత గడి గీసి, పెన్సిల్‌తో మూడు టోన్‌లే వాడుతూ ఆ ముద్దల్ని వేయండి: లేత, మధ్యస్థం, ముదురు. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. అలాంటివి మూడు వేయండి. ఒకదాంట్లో నేల ఎక్కువ, ఆకాశం తక్కువ. ఇంకోదాంట్లో తిరగేసి. నేలా ఆకాశమూ సగం సగం పంచుకున్న గడి మూడింటిలోనూ చప్పగా ఉంటుందని మీకే తెలుస్తుంది.

ఏది ముదురు, ఏది లేత అన్న తికమకకి అమెరికా చిత్రకారుడు జాన్ కార్ల్‌సన్ చెప్పిన లెక్క నాకు బాగా అక్కరకొచ్చింది. వెలుగు పైనుంచి వస్తుంది. ఆకాశమే వెలుగు కాబట్టి అది అన్నిటికంటే లేత. పడుకుని ఉన్న నేల ఆ వెలుగుని తిన్నగా అందుకుంటుంది, అది తర్వాతి లేత. వాలుగా ఉన్న కొండలు మధ్యస్థం. నిటారుగా నిలబడ్డ చెట్లకి పైవెలుగు తక్కువ తగులుతుంది, అవి అన్నిటికంటే ముదురు. మన ఫోటోకి ఇది అచ్చు అతుకుతుంది: ఆకాశం, వలిసె చేను, కొండలు, సిల్వర్ ఓక్. కొండల దగ్గర మాత్రం మంచు ఈ లెక్కని కొంచెం మారుస్తుంది, దాని సంగతి తర్వాత.

తీసేయాల్సినవి కూడా ఇప్పుడే తీసేయండి. కరెంటు స్తంభాలు, సెల్ఫీ దిగుతున్నవాళ్ళు, ఎవరో పారేసిన సీసా బొమ్మలోకి రానక్కర్లేదు. చెట్ల వరస అంచు నుంచి అంచు దాకా కంచెలా అడ్డుగా ఉంటే ఒకచోట రెండు చెట్లు పీకేసి చూపు లోపలికి పోవడానికి దారి ఇవ్వండి.

గీత, అడుగు పూత

ఫోన్లో ఫోటోని కత్తిరించే చోట తెర మీద మూడు అడ్డం, మూడు నిలువు గళ్ళు కనబడతాయి. కాగితాన్నీ అలాగే తొమ్మిది గళ్ళు చేయండి. ఒక్కోటి 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు వస్తుంది. కొండ శిఖరం ఏ గడిలో ఉందో, చేను అంచు ఏ గీతని దాటుతోందో చూసి ఆ గీతలు మాత్రం వేయండి. మామూలు పెన్సిల్ వద్దు. దాని గీత నున్నగా మెరుస్తుంది, మీద పేస్టల్ పట్టదు. సన్న బొగ్గుపుల్లో, పేస్టల్ పెన్సిలో వాడండి. మొత్తం పది గీతలు చాలు. ఆకులు, పూలు ఇప్పుడు గీయవద్దు.

అడుగు పూత అంటే పైన రాబోయే రంగుకి కింద పరుపు. పైన ఏ రంగు వస్తుందో కింద కూడా అదే వేస్తే బొమ్మ రంగుల పుస్తకంలా ఉంటుంది. వేరే రంగు వేసి, పైపూతల సందుల్లోంచి దాన్ని తొంగి చూడనిస్తే ప్రాణం వస్తుంది. నా వరస ఇది: ఆకాశం కింద లేత నారింజ. కొండల కింద పాలిపోయిన గులాబీ. చెట్ల కింద వంకాయ రంగు. చేను కింద ఇటుక ఎరుపూ, గోధుమరంగూ కలిపి. స్టిక్‌ని విరిచి, ముక్కని పడుకోబెట్టి పక్కవైపుతో తేలిగ్గా రుద్దండి. కొత్త స్టిక్ విరవడానికి చేయి రాదు, తెలుసు. విరవండి. పేస్టల్ ముక్కల పనే అది.

తర్వాత ఫోమ్ ముక్కతో ఆ రంగుల్ని కాగితంలోకి అదమండి. ఈ ఒక్కచోట మాత్రం రుద్దడం మంచిది. రాతిపొడి కాగితమైతే ఫోమ్ బదులు బ్రష్షుని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి పూత మీద నడిపించండి, రంగు నీటిరంగులా పారి రెండు నిమిషాల్లో ఆరుతుంది. కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు. మీ-తాంత్ మీద ఈ పని చేయకండి, కాగితం ఉబ్బుతుంది.

ఆకాశం, కొండలు

పైనుంచి కిందకి, దూరం నుంచి దగ్గరకి, గట్టి స్టిక్కుల నుంచి మెత్తటివాటికి. ఈ మూడు వరసలూ గుర్తుంచుకుంటే చాలావరకు తోవ తప్పరు.

కొండల గీత దగ్గర మీగడ రంగుతో మొదలుపెట్టండి. కాస్త పైన లేత గులాబీ, ఆపైన లేత నీలం, కాగితం పై అంచుకి వచ్చేసరికి ఒక మెట్టు చిక్కటి నీలం. ఒక రంగు ఇంకోదానిలోకి కొంచెం చొరబడేలా ఏటవాలు గీతలు వేయండి. కింది నారింజ అక్కడక్కడా కనబడనివ్వండి. పిల్లలూ పెద్దలూ అందరూ ఇక్కడే వేలు పెట్టి రుద్దేస్తారు. అతిగా రుద్దితే కాగితం గరుకంతా పూడిపోయి, రంగు మసకబారి, గోడకి వేసిన సున్నంలా అవుతుంది. కలపాలనిపించినప్పుడు వేలు కాకుండా రెండింటికీ మధ్య రంగు స్టిక్ తీసుకుని సందులో తేలిగ్గా నడపండి.

కొండల్లో దూరపుదాన్ని ముందు వేయాలి. మనకీ కొండకీ మధ్య ఉన్న గాలి పొర మందమయ్యేకొద్దీ ముదురు రంగులు లేతబడతాయి, అన్నీ నీలంలోకి తిరుగుతాయి. లియొనార్డో డావిన్చి ఐదొందల ఏళ్ళ కిందటే తన నోటుపుస్తకాల్లో దీన్ని వివరంగా రాసుకున్నాడు. కాబట్టి చివరి కొండ రంగు ఆకాశం కంటే ఒక్క మెట్టు మాత్రమే ముదురుండాలి. రెండో కొండకి ఇంకో మెట్టు. మూడోదానికి ఇంకొంచెం, దానిలో కాస్త ఆకుపచ్చ కూడా. మూడింటికీ మూడు స్టిక్కులు ముందే ఏరి, కాగితం అంచున పక్కపక్కనే గీసి చూసుకోండి. తేడా కళ్ళు సగం మూసినా తెలియాలి.

ఇక మంచు. చాలామంది కొండల మీద తెల్ల స్టిక్‌తో గీతలు గీసి మంచు అనుకుంటారు, అవి దూది ముక్కల్లా కనబడతాయి. అరకులో పొద్దుట మంచు లోయల్లో, కొండ పాదాల దగ్గర కూర్చుంటుంది. అందుకని ఒక్కో కొండా పైన ముదురుగా మొదలై, కిందకి దిగేకొద్దీ లేతబడి, పాదం దగ్గర ముందు కొండ వెనక కరిగిపోవాలి. ముందే అలా వేయండి, తెలుపు విడిగా వేయాల్సిన పనే ఉండదు. కొండ పైగీతని కత్తితో కోసినట్టు ఉంచకండి. ఒకటి రెండు చోట్ల వేలి కొనతో ఆకాశంలోకి మెల్లగా నెట్టండి. వేలు పెట్టదగ్గ చోటు ఇది.

చెట్లు, వలిసె చేను

సిల్వర్ ఓక్‌కి కొమ్మ కొమ్మా గీయకండి. ముందు వంకాయ రంగు, ముదురు ఆకుపచ్చ కలిపి పొడుగాటి ముద్దలుగా నిలబెట్టండి. ఎత్తులు, సందులు సమానంగా ఉండకూడదు. తర్వాత ఎండ పడే వైపు మధ్యస్థపు ఆకుపచ్చ, ఆ అంచున నాలుగైదు చోట్ల మాత్రం పసుపు కలిసిన పచ్చ. ఆకుల సందుల్లో ఆకాశం కనబడే చోట ఆకాశపు రంగే పెడితే కన్ను అక్కడికే పోతుంది, ఒక మెట్టు ముదురు పెట్టండి. పెట్టెలో వచ్చే ఆకుపచ్చలు చాలా ఘాటుగా ఉంటాయి. ఏ పచ్చ వేసినా దాని మీద ఒకసారి ఇటుక ఎరుపో ఊదానో తేలిగ్గా నడిపిస్తే చెట్టు పచ్చ అవుతుంది.

చేను అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పసుపు మనల్ని తొందరపెడుతుంది. పెట్టెలో మెరిసే పసుపు స్టిక్ కనబడగానే చేనంతా దానితో నింపాలనిపిస్తుంది. నింపితే ఏమవుతుంది? ముందూ వెనకా ఒకే రంగై, చేను నేల మీద పరుచుకోకుండా గోడలా లేచి నిలబడుతుంది. పసుపు స్వభావం కాస్త అర్థం చేసుకోవాలి. అది పుట్టుకతోనే లేత రంగు. ముదురు పసుపు అంటూ ఉండదు, నీడలోకి వెళ్ళగానే అది గోధుమగానో, ఆలివ్ పచ్చగానో మారుతుంది. దూరం వెళ్ళినా అన్ని రంగుల కంటే ముందు పోయేది పసుపే.

అందుకని చేనుని మూడు పట్టీలుగా చూడండి. చెట్ల పాదాల దగ్గర సన్నటి పట్టీ, అక్కడ మీగడ రంగులో కొంచెం పసుపు, అంతే, అదీ అడ్డగీతలతో. మధ్య పట్టీలో మట్టి పసుపు, మధ్యలో సన్నగా ఆకుపచ్చ. మీ కాళ్ళ దగ్గరి పట్టీలో ముందు ముదురు ఆలివ్ పచ్చ, ఊదా, ఇటుక ఎరుపు వేసి మొక్కల లోపలి నీడ తయారు చేయండి. దాని మీద మట్టి పసుపు, దాని మీద నారింజ కలిసిన పసుపు. ఇక్కడ గీతలు నిలువుగా, పొట్టిగా, తలో దిక్కుకి ఉండాలి. మెరిసే పసుపు చిట్టచివర. అది కూడా ఎండ పడే చోట్లలో ముప్ఫై చుక్కల్ని మించకుండా, ఒక్కో చుక్క గట్టిగా నొక్కి వదిలేస్తూ. ఒకసారి పెట్టిన చుక్కని మళ్ళీ తాకకండి. చుట్టూ ఉన్న ఊదా నీడ పక్కన ఆ కాసిని చుక్కలే చేనంతా పూసినట్టు చేస్తాయి. పూరేకులు గీయాలన్న కోరిక వస్తే కాళ్ళ దగ్గరి మూడు పూలకి తీర్చుకోండి.

తప్పు పడితే పైన ఇంకో పూత వేసి కప్పబోకండి. బిరుసు బ్రష్షుతో ఆ చోటు దులిపేసి మళ్ళీ వేయండి. రబ్బరు రుద్దితే కాగితం గరుకు పోతుంది.

ముప్పావు వంతు అయ్యాక ఫోన్ బోర్లా పెట్టేయండి. ఎద్గార్ డెగా 1892లో పారిస్‌లో చూపించిన ప్రకృతి దృశ్యాలు, అచ్చుపూత మీద పేస్టల్‌తో వేసినవి, ఎక్కువగా జ్ఞాపకంలోంచి వచ్చినవే. మిగిలిన పావు వంతుకి ఫోటోలో ఏముందో చూసే పని లేదు, బొమ్మకి ఏం కావాలో చూడాలి. ఆరడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. తర్వాత బొమ్మనే ఫోన్‌తో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి, మీ అగ్గిపెట్టె స్కెచ్ పక్కన పెట్టండి. టోన్‌లు కలవని చోట సరిచేయండి. ఇంకేం చేయాలో తోచక చేయి ఊరికే తిరుగుతుంటే ఆపే వేళైందన్నమాట.

దాచుకోవడం

పొడి రాలకుండా ఫిక్సేటివ్ స్ప్రే కొడితే బాగుంటుందనిపిస్తుంది. కొన్నేళ్ళ కిందట, రెండు ఆదివారాలు కూర్చుని వేసిన లంబసింగి బొమ్మ మీద నేను అలాగే కొట్టాను. ఆరాక చూస్తే మంచు లేదు. లేత రంగులన్నీ తడిసిన గోడలా ముదురెక్కిపోయాయి. ఆ బొమ్మ తిరిగి రాలేదు, చాలా రోజులు బాధగా ఉండేది. ఫిక్సేటివ్ అడుగు పూతల మధ్య కావాలంటే వాడుకోండి. పూర్తయిన బొమ్మ మీద మాత్రం వద్దు.

ఫ్రేము కట్టించేటప్పుడు షాపతనికి వివరంగా చెప్పండి. చెప్పకపోతే అలవాటు కొద్దీ అద్దాన్ని బొమ్మకి అదిమి బిగిస్తారు, సగం పొడి అద్దానికి పోతుంది. మధ్యలో మందపాటి మౌంట్ బోర్డు పెట్టి కనీసం మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. అద్దం బదులు అక్రిలిక్ షీటు వద్దు, దానికి పుట్టే స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది. విశాఖలాంటి సముద్రపు ఊళ్ళలో వానాకాలం తేమకి బూజు పడుతుంది, బయటి గోడకి తగిలించకండి. ఫ్రేము కట్టేదాకా నున్నటి గ్లాసైన్ కాగితం కప్పి, పలకకి అతికించి, పడుకోబెట్టి ఉంచండి.

మురికి పట్టిన స్టిక్కుల్ని ఒక డబ్బాలో గుప్పెడు నూకలు పోసి, అందులో వేసి మెల్లగా అటూ ఇటూ ఆడించండి. పైనున్న పరాయి పొడి నూకలకి పట్టి, అసలు రంగు బయటపడుతుంది. తర్వాత ఆ నూకలు పారేయండి, పిట్టలకి కూడా వేయకండి.

కాగితం వెనక బొగ్గుపుల్లతో కాకుండా పెన్సిల్‌తో, అక్కడ రాసుకున్న నాలుగు మాటలూ ఎక్కించండి. మా ఇంట్లో హాల్లో ఉన్న బొమ్మ వెనక ఇలా ఉంది: నవంబరు 28, పొద్దున 7:10, ఎండ ఎడమ నుంచి, నీడలు ఊదా, గాలి లేదు, మంచు విడుతోంది.